హీట్ పంప్ స్టార్ట్ కాకపోతే: అమెరికాలోని షార్లెట్‌లో ఉన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మీ హీట్ పంప్ గురించి, అదే చలికాలంలో ఇంటిని వెచ్చబెట్టే ఏసీ లాంటి యంత్రం గురించి, ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. లోపల బ్లోయర్ తిరుగుతోంది, ఆగ్జిలరీ హీట్ (సాయంగా ఉండే కరెంటు హీటర్) వచ్చినప్పుడు మాత్రం గాలి కాస్త వెచ్చగా ఉంటోంది, బయటి యూనిట్ అసలు కదలడం లేదు. చూడ్డానికి వచ్చినతను మీటర్ కూడా బయటికి తీయకుండా మొత్తం సిస్టమ్ మార్చాలన్నాడు. ఆ కొటేషన్ మీద సంతకం పెట్టకు. ఏ భాగం ఆగిందో తేలకుండా పార్టు మార్చడమే తప్పు, అలాంటిది ఏకంగా యూనిట్టే మార్చేస్తారా?

ముందు థర్మోస్టాట్‌ని ఎమర్జెన్సీ హీట్‌లో పెట్టు. ఇంట్లో పసిబిడ్డ ఉంది, రాత్రంతా చలిలో ఉండొద్దు. అప్పుడు బయటి యూనిట్‌తో పనిలేకుండా లోపలి హీట్ స్ట్రిప్పులే, అంటే ఆ కరెంటు హీటర్ తీగలే, ఇల్లు వెచ్చబెడతాయి. 10 కిలోవాట్ల స్ట్రిప్ గంట నడిస్తే 10 యూనిట్లు కాలుతుంది కాబట్టి బిల్లు గట్టిగానే వస్తుంది. అయినా రెండు మూడు రోజులకి భయం లేదు, ఆ మాత్రం వ్యవధి చాలు మనకి.

అసలు చెడిందో లేదో కూడా చూసుకో. చలికాలంలో హీట్ పంప్ అప్పుడప్పుడూ బయటి కాయిల్ మీద పట్టిన మంచు కరిగించుకోవడానికి డీఫ్రాస్ట్‌లోకి వెళ్తుంది. బయటి ఫ్యాన్ ఆగిపోతుంది, కాయిల్ మీద నుంచి తెల్లగా ఆవిరి లేస్తుంది. కొద్ది నిమిషాల్లో మళ్లీ మామూలవుతుంది, అది రోగం కాదు. అలాగే ఒకసారి ఆపాక 5 నిమిషాల వరకు కంప్రెసర్ని లేవనివ్వకుండా చాలా థర్మోస్టాట్లు ఆపి ఉంచుతాయి. టెన్షన్‌తో పదే పదే ఆన్ ఆఫ్ చేశావంటే ఆ లెక్క ప్రతిసారీ మొదటికొస్తుంది.

తర్వాత బ్రేకర్లు. మీ ఇంట్లో దీనికి రెండుంటాయి, లోపలి ఎయిర్ హ్యాండ్లర్‌కి (బ్లోయర్ ఉండే పెట్టెకి) ఒకటి, బయటి యూనిట్‌కి ఒకటి. బయటిది పడిపోయి ఉంటే పూర్తిగా ఆఫ్ చేసి ఒక్కసారే ఆన్ చెయ్యి. మళ్లీ పడిందంటే అక్కడితో ఆపి మనిషిని పిలువు. షార్ట్ ఉన్నచోట బ్రేకర్‌ని మాటిమాటికీ ఎత్తకూడదు. యూనిట్ పక్కన గోడకున్న డిస్కనెక్ట్ పెట్టెలో లాగే బ్లాక్ సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూడు.

నీ థర్మోస్టాట్ స్క్రీన్ వెలుగుతోంది, బ్లోయర్ తిరుగుతోంది కాబట్టి లోపలి 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పనిచేస్తున్నట్టే. ఎప్పుడైనా స్క్రీన్ ఖాళీ అయిపోతే ఎయిర్ హ్యాండ్లర్ బోర్డు మీదుండే కారు ఫ్యూజు లాంటి చిన్న ఫ్యూజు, డ్రైన్ నిండితే కరెంటు ఆపే ఫ్లోట్ స్విచ్ చూసుకో.

ఇక అసలు పరీక్ష. నా సర్వీసులో నాకు బాగా పనికొచ్చింది ఇదే, జాగ్రత్తగా చదువు. బయటి యూనిట్‌కి వచ్చే కరెంట్లు రెండు: యూనిట్‌ని నడిపే 240 వోల్టులు, ఆజ్ఞ మాత్రమే ఇచ్చే 24 వోల్టులు. ఆ 24 లోపలి నుంచి వస్తుంది. అందుకే మెయిన్ ప్యానెల్‌లో బయటి యూనిట్ బ్రేకర్ ఆపేసి, డిస్కనెక్ట్ కూడా లాగేసి, ఎయిర్ హ్యాండ్లర్‌ని మాత్రం ఆన్‌లో ఉంచు. అప్పుడు ప్రాణాపాయం లేకుండా 24 వోల్టులు ఎంతవరకు వస్తున్నాయో చూడొచ్చు. కాంటాక్టర్ (24 వోల్టుల ఆజ్ఞ అందగానే 240ని కలిపే పెద్ద స్విచ్) ఆపితే చాలులే అనుకోకు. సింగిల్ పోల్ కాంటాక్టర్ ఒక వైపు తీగనే తెంపుతుంది, రెండోది లైవ్‌గానే ఉంటుంది. కవర్ తీశాక కరెంటు లేదని మీటర్‌తో ఖాయం చేసుకున్నాకే చెయ్యి పెట్టు.

థర్మోస్టాట్‌ని మళ్లీ మామూలు హీట్‌లో పెట్టి, వేడి బాగా పెంచి, 5 నిమిషాలు ఆగు. బయటి యూనిట్‌కి వచ్చే వై (కంప్రెసర్‌కి ఆజ్ఞ తెచ్చేది), సి (కామన్) తీగల మధ్య మీటర్ 24 చూపించకపోతే తప్పు థర్మోస్టాట్‌లోనో, మధ్య తీగలోనో ఉంది. గోడ దిగువన గడ్డి కోసే ట్రిమ్మర్ తగిలి ఆ సన్నతీగ తెగడం మామూలే. అక్కడ 24 ఉండి కాంటాక్టర్ కాయిల్ దగ్గర లేకపోతే గ్యాస్ ఒత్తిడి తేడా అయితే ఆపే ప్రెజర్ స్విచ్చో, డీఫ్రాస్ట్‌ని నడిపే బోర్డో అడ్డుపడుతోంది. కాయిల్‌కీ వస్తున్నా కాంటాక్టర్ టక్కుమని లాక్కోకపోతే అదే పోయింది. లాక్కుంటోందా? అయితే దాని మొహాలు, అంటే ఒకదానికొకటి తగిలి కరెంటు కలిపే ముక్కలు, చూడు, నల్లగా కాలి ఉండొచ్చు. మీ కరోలినా వైపు చీమలు దూరి చచ్చి, మొహాల మధ్య ఇరుక్కోవడం కూడా ఉంది.

కాంటాక్టర్ బాగుండి, కరెంటిచ్చాక యూనిట్ 'హుమ్' అని ఆగిపోతుంటే నా మొదటి అనుమానం కెపాసిటర్ మీదే. మన ఊళ్లో సీలింగ్ ఫ్యాన్ తిరగకపోతే కండెన్సర్ మార్పించేవాళ్లం గుర్తుందా, ఇదీ అదే పని చేస్తుంది, కాకపోతే పెద్దది. పైమూత ఉబ్బితే మీటర్ కూడా అక్కర్లేదు, పోయినట్టే. ఉబ్బకపోతే మళ్లీ బ్రేకర్ ఆపి, డిస్కనెక్ట్ లాగి, తీగలకి ఫోటో తీసుకుని, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో కెపాసిటర్ మీదున్న సి (కామన్), హెర్మ్ (కంప్రెసర్‌ది) మధ్య, తర్వాత సి, ఫ్యాన్ మధ్య డిశ్చార్జ్ చేసి, అప్పుడు తీగలు ఊడదీసి కొలువు. కరెంటు ఆపినా దాంట్లో ఛార్జ్ నిలిచే ఉంటుంది, ఈ పని మాత్రం మర్చిపోవద్దు. డబ్బా మీద 45/5 (హెర్మ్‌కి 45, ఫ్యాన్‌కి 5 మైక్రోఫారడ్లు) అనీ, తేడా 6 శాతం అనీ ఉంటే, హెర్మ్ వైపు 42.3 కంటే తగ్గితే మార్చాలి. కొత్తదానికి మైక్రోఫారడ్లు సరిగ్గా అవే ఉండాలి. వోల్టేజీ మాత్రం సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు, 370 స్థానంలో 440 పెట్టుకోవచ్చు.

కెపాసిటర్ మార్చగానే కంప్రెసర్ లేవకపోతే కంగారుపడకు. వేడెక్కి లోపలి ఓవర్‌లోడ్ (వేడెక్కితే కరెంటు ఆపే స్విచ్) తెగి ఉంటుంది, చల్లబడ్డానికి గంటలు కూడా పట్టొచ్చు. యూనిట్‌లో తిరిగే గ్యాస్ (రిఫ్రిజరెంట్) జోలికి మాత్రం వెళ్లొద్దు, దానికి అమెరికాలో ఈపీఏ (పర్యావరణ రక్షణ సంస్థ) 608 సర్టిఫికెట్ ఉండాలి. ఆ అవసరం పడితే ఇంకో కంపెనీని పిలిచి, కొలతలు కాగితం మీద రాసిమ్మని అడుగు. పాత ఓనర్ వారంటీ రిజిస్టర్ చేశాడేమో, అది నీ పేరుకి మారుతుందేమో కూడా కనుక్కో, కంప్రెసర్ మీద ఇంకా మిగిలి ఉండొచ్చు.

శనివారం పగటిపూట, వాన లేనప్పుడు మొదలుపెట్టు. అమ్మాయిని పక్కన ఉండమను, ఒంటరిగా చేయొద్దు. కవర్ తీయగానే కెపాసిటర్ లేబుల్, యూనిట్ నేమ్‌ప్లేట్ ఫోటోలు నాకు వాట్సాప్ చెయ్యి. ఆ రోజు ఫోన్ దగ్గరే ఉంటాను.

నీ మామయ్య