ముందు ఆ అరకు వ్యాసం సరిచెయ్యి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. నీ యాత్రల సైటులో చాన్నాళ్లుగా ఒక్క ముక్కా రాయలేదని, ఇప్పుడు దానికి కొత్త రంగులు, కొత్త లోగో అన్నీ పెట్టించావని, లడఖ్ యాత్రతో గ్రాండ్‌గా మళ్ళీ మొదలుపెడతానని అన్నావు. రంగులు బాగున్నాయిలే. నాకు టెన్షనల్లా ఆ లడఖ్ గురించే.

రాయడమంటే ఎందుకు విసుగొచ్చిందో ఉత్తరం మధ్యలో నువ్వే చెప్పేసి, పట్టించుకోకుండా ముందుకెళ్ళిపోయావు. బొర్రా గుహల్లో నిలబడి కూడా హెడ్డింగ్ ఏం పెట్టాలా అనే ఆలోచించానన్నావు చూడు, అదీ అసలు సంగతి. తిరిగిన అలసట రెండు పూటలు పడుకుంటే పోతుంది. వారానికో వ్యాసం పెట్టాలి కాబట్టి వారానికో ఊరు వెళ్ళడం, వెళ్ళిన చోటల్లా ఇందులో రాయడానికేముందా అని తడుముకోవడం, ఇదీ మనిషిని పీల్చేసేది. లడఖ్ వెళ్తే ఇంకా కష్టం, అంత డబ్బు పోశాక అద్భుతంగా ఉందని రాయక చస్తావా!

రాయనందుకు సిగ్గుపడకు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ వేటకెందుకు వెళ్ళలేదని ఏ మత్స్యకారుడూ సంజాయిషీ ఇచ్చుకోడు, వలలు బాగుచేసుకుంటాడు (ఇల్లు గడవక పడే పాట్లు వేరే కథ). నువ్వు కూడా "ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే" అంటూ క్షమాపణలతో మొదలెట్టకు.

ముందు పాతవి తీసి చదువు. డిజైనర్ పైన రంగేశాడు గానీ లోపలి సరుకు అలాగే ఉంది. నీ లెక్కలో అరకు, లంబసింగి ఇంకా విశాఖ జిల్లాలోనే ఉన్నాయి! 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడే అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళిపోయాయి, జిల్లా కేంద్రం పాడేరు. టికెట్ ధరలు, బస్సు టైమింగులు నువ్వు ఏ నెల, ఏ సంవత్సరం చూసినవో పక్కన వెయ్యి, లేదంటే తీసెయ్యి. పాత లింకులు నొక్కితే కొత్త పేజీకి వెళ్తున్నాయో లేదో కూడా చూసుకో.

అరకు వ్యాసంలో ఇంకో లోటుంది. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్ళే కిరండోల్ రైలు గురించి రెండు పేజీలు రాశావు, సొరంగాలు, అద్దాల బోగీ తప్ప ఏమీ లేదు. ఆ లైను టూరిస్టుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో వేశారు. అది తెలిసుంటే ఖనిజం నింపుకుని ఎదురొచ్చే గూడ్సు బండి నీ కంటపడేది, నువ్వేమో అది దాటిపోయేదాకా ఫొటో పాడవుతుందని విసుక్కుని ఉంటావు.

కొత్తది రాయాలనిపిస్తే తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళు. ఫోన్ జేబులోనే ఉంచు. బోట్ల నుంచి దించిన చేపలు కుప్పలు పోస్తారు, కోనాం ఒక పక్క, చందువాలు ఒక పక్క, కానాగంతలు ఇంకో పక్క. వేలంపాట జోరుగా సాగుతుంటే, తట్ట పట్టుకున్న ఒకావిడ వంగి, చేప మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసి, ఒక్క మాటా అనకుండా పక్క కుప్ప దగ్గరికి జరుగుతుంది. పాట పాడేవాడి గొంతు కాస్త దిగుతుంది. "ఉదయించే సూర్యుడు, వెండి చేపలు" అని నీ పాత ధోరణిలో మొదలెడితే ఆవిడ అందులో ఎక్కడా ఉండదు. ఐసు ఎంతకి కొంది, తట్టతో ఎక్కించుకోవడానికి ఆటోవాడు గొణిగాడా, ఏ వీధికెళ్ళి అమ్ముతుంది, ఇవన్నీ అడుగు. బేరం మధ్యలో మాత్రం అడ్డు నిలబడకు, తిడతారు, తిట్టాలి కూడా.

వారానికొకటి అనే నియమం మానెయ్. నెలకొకటి చాలు, అదీ కుదిరితేనే. ఫలానా రోజు మళ్ళీ వస్తున్నానని ముందే చాటింపు వేసుకోకు.

లడఖ్ ఎక్కడికీ పోదు. హార్బర్ ముక్క అయ్యాక ముందు నాకు పంపు, ఫొటోలు లేకుండా. ఆదివారం మాత్రం వెళ్ళకు, కొనేవాళ్ల రద్దీలో కాలు పెట్టే చోటుండదు.

ఉంటాను,
మీ అన్నయ్య