జపాను హెడ్‌ఫోన్లు, మన గోడలోని కరెంటు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నలుచదరపు కప్పుల ఆ స్టాక్స్ లాంబ్డా, అదే ఆ జపాను కంపెనీ హెడ్‌ఫోన్ల జత, నాకు పాత స్నేహితుడే. “ఇప్పుడు హెడ్‌ఫోన్లు కొంటాను మామయ్యా, ఆంప్లిఫయర్ సంగతి దసరాకు చూద్దాం” అన్నావు. ఇప్పుడు ఎద్దును కొని దసరాకు బండి కొంటానంటే అర్థముంది, ఆలోగా ఎద్దు దుక్కి అయినా దున్నుతుంది. ఇవి మాత్రం తమ ఆంప్లిఫయర్ లేకుండా తలకు పెట్టుకునే అలంకారమే. రెండూ జంటగా కొను. జంటగా కుదరకపోతే ముందు ఆంప్లిఫయరే కొను.

ఎందుకో చెబుతాను. మామూలు హెడ్‌ఫోన్లలో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. వీటిలో ఆ రెండూ లేవు. చిల్లులున్న రెండు లోహపు పలకల మధ్య ఒకటి రెండు మైక్రాన్ల మందం పొర ఒకటి బిగించి ఉంటుంది. మన తల వెంట్రుకే సుమారు 70 మైక్రాన్లుంటుంది, పోల్చుకో. ఆ పొర మీద ఎప్పుడూ కదలని విద్యుదావేశం నిలిపి ఉంచాలి, దాన్నే బయాస్ అంటారు. పాటనేమో వందల వోల్టులకు పెంచి రెండు పలకలకూ అందించాలి. అప్పుడే ఆ పొర ముందుకూ వెనక్కూ ఊగి పలుకుతుంది. ఫోను గానీ, నీ బల్ల మీది చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ గానీ ఈ పని చేయలేవు.

స్టాక్స్‌వాళ్ళు 1960లో ఈ రకం హెడ్‌ఫోన్లను మొదటిసారి అమ్మకానికి పెట్టారు. పాత తరం వాటి బయాస్ 230 వోల్టులు, ప్లగ్గుకు ఆరు పిన్నులు. తర్వాత వచ్చిన ‘ప్రో’ తరానికి 580 వోల్టులు, అయిదు పిన్నులు, మధ్య పిన్ను ఉండదు. అయిదు పిన్నులది ఆరు చిల్లుల సాకెట్లోకి పోతుంది, శబ్దం తగ్గడం తప్ప ప్రమాదమేమీ లేదు. ఆరు పిన్నులది అయిదు చిల్లుల దాంట్లోకి పోదు. పోకూడదనే అలా చేశారు. దాన్ని ఎక్కించడానికి మధ్య పిన్ను కోసేసిన ఘనులున్నారు. పాత పొర మీద 580 వోల్టులు పడితే నిప్పురవ్వ లేచి పొరకు చిల్లు పడవచ్చు. అందుకే ఫొటోలో ముందు పిన్నులు లెక్కపెట్టు. ఇంకొక మాట, ఆ బయాస్ 230 వోల్టులనూ మన గోడలోని 230 వోల్టులనూ చూసి లెక్క కలిసిందని మురిసిపోకు. అది ఏకముఖ విద్యుత్తు, చాలా ఎక్కువ నిరోధం గుండా బొట్టు బొట్టుగా వస్తుంది. గోడలోది మనిషిని చంపుతుంది.

జపానులో ఇళ్ళకు వచ్చేది 100 వోల్టులు. ఆ దేశం తూర్పు సగంలో 50 హెర్ట్జ్, పడమటి సగంలో 60 హెర్ట్జ్. కాబట్టి అక్కడి పెట్టెలు రెంటికీ తట్టుకునేలా చేసి ఉంటాయి, మన 50 హెర్ట్జ్‌తో చిక్కు లేదు. చిక్కంతా వోల్టులతోనే, మన 230ని 100కు దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కావాలి. అసలు అపాయం ఇంకొకటుంది. మన ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో అన్ని దేశాల పిన్నులూ దూరే సాకెట్లు ఉంటాయి. ఆ చదును పిన్నుల ప్లగ్గు హాయిగా అందులోకి దిగిపోతుంది. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరో ఇల్లు తుడుస్తూ, ఊడిన ప్లగ్గును మర్యాదగా మళ్ళీ గోడకు పెడతారు. అంతటితో ఆంప్లిఫయర్ కథ ముగుస్తుంది. ప్లగ్గుకు ఎర్ర టేపు చుట్టి ‘100 వోల్టులు మాత్రమే’ అని రాయి. అంతకన్నా మంచిది, దాన్ని తీసేసి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెకు మాత్రమే సరిపోయే వేరే రకం ప్లగ్గు వేయించు.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. 2009లో నేను చేసిన తెలివితక్కువ పని ఇక్కడే ఉంది. ఊళ్ళోనే ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టే ఒక వైండింగ్ షాపులో “230 నుంచి జపాను కరెంటుకు” అని చెప్పి వచ్చాను. ఆయన అలవాటు కొద్దీ 110 వోల్టులకు చుట్టి ఇచ్చాడు. పది వోల్టులే కదా అని నేనూ ఊరుకున్నాను. వారం తర్వాత రాత్రి పదకొండు గంటలప్పుడు పాట వింటూ ఆంప్లిఫయర్ మూత మీద చెయ్యి వేస్తే నిలవలేదు. మల్టీమీటర్ తెచ్చి చూశాను. వీధిలో వాడకం తగ్గి మా ఇంటి గోడలో 250 వోల్టులున్నాయి. 230కి 110 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ 250కి దాదాపు 120 ఇస్తుంది. 100 వోల్టుల పెట్టెకు నేను వారం రోజులుగా అయిదో వంతు ఎక్కువ తాగిస్తున్నానన్నమాట. పెట్టె బతికింది గానీ లోపలి కెపాసిటర్లు రెండు ఉబ్బిపోయి మార్చాల్సి వచ్చింది.

అందుకని నువ్వు చుట్టించేటప్పుడు ఇలా చెప్పు. ఇన్‌పుట్ వైపు 230, 240, 250కి విడివిడిగా ట్యాపులు, అంటే చుట్ట మధ్యలోంచి బయటికి తీసిన తీగకొసలు, ఉండాలి, అవుట్‌పుట్ 100. ఈ ఆంప్లిఫయర్లు చాలావరకు 30 నుంచి 60 వాట్ల లోపు తింటాయి, వెనక రేకు మీద రాసి ఉంటుంది. కాబట్టి 150 వీఏ (వోల్ట్ ఆంపియర్లు, వాట్ల లాంటి కొలతే) ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా నడుస్తుంది. రెండు వైండింగులూ వేరువేరుగా ఉండాలి. ఒకే చుట్టతో చేసే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ చవకే కానీ, అందులో ఉమ్మడి తీగ తెగితే గోడలోని కరెంటంతా ఆంప్లిఫయర్‌లోకి పోతుంది. షాపులోనే, కరెంటు పెట్టకముందే, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ఒక మొన ఇన్‌పుట్ తీగకు, ఇంకోటి అవుట్‌పుట్ తీగకు ఆనించు. ముల్లు కదిలిందంటే అది నీకు కావలసింది కాదు. ఇన్‌పుట్‌కు ఫ్యూజు, పెట్టెకు ఎర్త్ అడగకుండానే వేస్తారనుకోకు, అడుగు.

లోడు లేకుండా కొలిస్తే 100కు బదులు 106, 108 చూపిస్తుంది, కంగారు పడకు. పాతకాలపు 100 వాట్ల బల్బు ఒకటి అవుట్‌పుట్‌కు తగిలించి చూడు. 100 వోల్టుల మీద అది నారింజ రంగులో మిణుకుమంటుంది, 25 వాట్లకు కొంచెం పైనే లాగుతుంది. మన ఆంప్లిఫయర్ లాగేదీ ఇంచుమించు అంతే. అప్పుడు వచ్చిన అంకె నిజమైన అంకె. పొద్దున ఒకసారి, రాత్రి పదకొండు తర్వాత ఒకసారి కొలిచి, దాన్నిబట్టి ట్యాపు ఎంచుకో. ప్రయాణాల్లో వాడే అరచేతిలో పట్టేంత కన్వర్టర్లున్నాయి చూడు, అవి ఇస్త్రీపెట్టెకే గానీ దీనికి పనికిరావు, కరెంటు అలను ముక్కలు చేసి పంపుతాయి. చదరపు అల ఇచ్చే ఇన్వర్టర్ మీద కూడా వినకు. కరెంటు పోతే డాబా మీదికి పోయి కూర్చో.

కొన్ని పాత స్టాక్స్ ఆంప్లిఫయర్ల లోపల తీగలు మార్చి 220, 240కి తిప్పుకునే వీలుంది. ఉంటే మంచిదే, కానీ ఆ పని తెలిసినవాళ్ళతోనే చేయించు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. గవర్నర్‌పేటలో నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన నేను ఇప్పటికీ వాటి మూత తీస్తే ఎడమచెయ్యి జేబులో పెట్టుకునే పని చేస్తాను. నువ్వు రెండు చేతులూ జేబులో పెట్టుకో.

జపాను వేలంలో చూస్తున్నానన్నావు కదా. అక్కడ ‘జంకు’ అని రాశారంటే పనిచేసినా చేయకపోయినా మాకు సంబంధం లేదని అర్థం. ‘దోసా కకునిన్ జుమి’ అని ఉంటే నడిపి చూశామని. మన దోసె కాదురా, దోసా అంటే వాళ్ళ భాషలో పనిచేయడం. ‘త్సూదెన్’ మాత్రమే చూశామంటే దీపం వెలిగిందని తప్ప పాట వినలేదు. ఇరవై ముప్పై ఏళ్ళనాటి లాంబ్డాల చెవిదిండ్లు, లోపలి స్పాంజి పొడిగా రాలిపోతాయి, ఆ ఖర్చు ముందే కలుపుకో. వాల్వులున్న ఆంప్లిఫయర్ అయితే వాల్వులు ఊడదీసి విడిగా చుట్టమని రాయి. కస్టమ్స్ సుంకం వస్తువు ధరకు రవాణా, బీమా కూడా కలిపి లెక్కకడతారు. పైగా ఇది వాడిన సరుకు. డబ్బు కట్టకముందే కొరియర్‌వాళ్ళను అడిగి తేల్చుకో.

చేతికొచ్చాక గంటసేపు ఆన్‌లో ఉంచి విను, పొరకు ఆవేశం పట్టడానికి సమయం కావాలి. పాట ఆపి, కప్పులను చెవికి మెల్లగా నొక్కి వదులు. పొర పలకకు అంటుకుని ‘పుర్రు’మని ఒకసారి పలికితే ఫరవాలేదు. చిటపటలాడుతూనే ఉన్నా, సన్నగా ఈల వేసినా లోపల దుమ్మో చెమ్మో ఉన్నట్టు. ఒకవైపు శబ్దం తక్కువగా ఉంటే కుడి ఎడమలు మార్చి తగిలించుకుని చూడు. నేను ఈ చివరి పని చేయకుండానే అమ్మినవాడికి ఘాటుగా మూడు ఉత్తరాలు రాశాను. అత్తయ్య “అటుదిటు పెట్టుకుని చూడండి” అనేదాకా తోచలేదు. మార్చి పెట్టుకున్నా ఎడమ చెవిలోనే తక్కువ. డాక్టరు గులిమి తీశాడు, జపానువాడికి క్షమాపణ రాశాను.

ఆ గదిలో సాంబ్రాణి వేయవద్దని అక్కయ్యకు చెప్పు. ఆవేశమున్న పొర పొగనూ ధూళినీ పిలిచి మరీ పట్టుకుంటుంది. కొబ్బరినూనె తలతో పెట్టుకోకు. వినడం అయ్యాక శుభ్రమైన పలుచని గుడ్డ కప్పు. వానాకాలంలో శబ్దం కాస్త తగ్గినట్టనిపిస్తే అది చెమ్మ పని, చెడిపోయిందని బెంగపడకు.

ఇంత తంటా ఎందుకంటావేమో. మన విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. ఆనాటి లలిత సంగీతం రికార్డింగు ఏదైనా దొరికితే వీటిలో విను. టేపు రొద కూడా పూర్తిగా వినిపిస్తుంది, అది మొహమాటం లేకుండా వినిపిస్తుంది. కానీ పల్లవి ఎత్తుకునే ముందు పాడేవారు ఊపిరి పీల్చడం, తబలా మీద వేలు పడడమే కాదు లేవడం కూడా తెలుస్తుంది. నాకు ఆ వేలు లేవడం చాలు.

నువ్వు పంపిన ఫొటోల్లో ఆంప్లిఫయర్ ముందువైపే ఉంది. వెనక రేకు, సాకెట్ల చిల్లులు స్పష్టంగా కనిపించే ఫొటోలు అడిగి నాకు పంపు. అవి నేను చూసేదాకా డబ్బు కట్టకు. ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఆటోనగర్‌కు ఇద్దరం కలిసి వెళ్దాం, శనివారం గుంటూరు నుంచి పొద్దున్నే బయలుదేరు. బల్బు నా దగ్గర ఉంది.

ఇట్లు,
మీ మామయ్య