బొంగరం కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. నాన్న అటక మీంచి తన చిన్ననాటి బొంగరం దించి ఐదేళ్ల కూతురికి ఆడి చూపించడం మంచి వస్తువే. కానీ మూడో పేజీకల్లా బొంగరం మాయమై "ఆ రోజులే వేరు" అన్న నిట్టూర్పు మిగిలింది. ఆ నిట్టూర్పు చదివేవాళ్ల దగ్గర ఎటూ ఉంటుంది. వాళ్ల దగ్గర లేనిది ఆ తాడు, బొంగరం అడుగున దిగేసిన ఆ ఇనుప ములికి. అవి రాయి.

ముప్పై ఏళ్లు అటక మీద పడున్న బొంగరం దించగానే తిరగదమ్మా. కొయ్య ఎండి ములికి వదులవుతుంది, తుప్పు పడుతుంది. తాడు చీకిపోయి మొదటి గుంజుకే తెగుతుంది. ములికి కదులుతుంటే బెజ్జంలో సన్నటి కొయ్య పేడు దోపి, నిలువుగా దిగేట్టు కొట్టాలి. కాస్త పక్కకు వాలినా బరువు నడిమధ్య ఉండదు, బొంగరం ఊగుతూ తిరిగి తొందరగా పడిపోతుంది. తుప్పు గరుకు కాగితంతో పోతుంది. కొన మరీ వాడిగా ఉంటే మట్టినేలలో దిగబడుతుంది కాబట్టి సిమెంటు గట్టు మీద రుద్ది కొంచెం మొద్దు చెయ్యాలి. ఈ మరమ్మతును నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. పాప పక్కన కూర్చుని నూరు ప్రశ్నలు వేసే చోటు అదే కదా!

తాడు నూలుది, మూడు మూరలుండాలి. నైలాను తాడు కొయ్యను పట్టుకోదు, చుట్లు జారిపోతాయి. ఒక కొసన ముడి వేసి వేళ్ల సందున ఇరికిస్తారు. రెండో కొసను కాస్త తడిపి, ములికి పక్కన బొటనవేలితో అదిమిపట్టి, మొదటి రెండు చుట్లు ములికి మొదట్లోనే బిర్రుగా వెయ్యాలి. ఆపైన చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటూ పొట్ట దాకా రావాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే విసిరినప్పుడు తాడు అక్కడ చిక్కుపడి బొంగరం అడ్డంగా పడుతుంది. తాడు పూర్తిగా విడిపోకముందే గట్టిగా గుంజితే వెనక్కి ఎగిరి మోకాలి చిప్పకు తగులుతుంది. పాపను నాన్న వెనకాల నిలబెట్టు, కాళ్లకు చెప్పులు వెయ్యి.

నాన్న చేతికి ఇదంతా వచ్చు, నోటికి రాదు. "ఇట్ల చుట్టాల పాపా, బిర్రుగా" అంటాడు. "బిర్రుగా అంటే ఎంత నాన్నా?" అని అడిగితే జవాబు దొరకదు. మళ్లీ విప్పి, నిదానంగా చుట్టి చూపించబోతే చెయ్యి తడబడుతుంది. ఆలోచించకుండా చేసే పనిని ఆలోచిస్తూ చేస్తే అంతే. నీ కథ ఇక్కడుంది. ఇంకొంచెం చిక్కు కావాలంటే పాపది ఎడమచేతి వాటమని రాయి. అప్పుడు నాన్న చుట్టిచ్చిన దిక్కు ఆ చేతికి ఎదురవుతుంది, విసిరినప్పుడల్లా తప్పుతుంది. దిక్కు మార్చి చుట్టాలని ఆయనకు తట్టడానికి ఎంతసేపు పట్టాలో నీ ఇష్టం.

తిరుపతి కథ కదా అని ఎర్రచందనం బొంగరం అన్నావు. వద్దు. అది నీళ్లలో మునిగేంత బరువైన కొయ్య. మన ఊళ్లో దాంతో చెక్కేది బొమ్మల కొలువులో నిలబెట్టే రాజా రాణి బొమ్మలను. బొంగరానికి మామూలు గట్టి కొయ్య చాలు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో కొన్నాడని ఒక్క ముక్క ఉంచు. బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం అంటూ పేజీన్నర నడిపావు, బాగానే రాశావు కూడా, కానీ అది ఇంకో కథకు దాచుకో.

ఆట హాల్లో పెట్టావు. టైల్సు మీద ములికి నిలవదు, జారి సోఫా కిందికి పోతుంది, పైగా గీతలు. మిద్దె మీదికి పంపు. గరుకు సిమెంటు మీద ఒకచోట నిలబడి తిరుగుతుంది, వేగం తగ్గేకొద్దీ తల పెద్ద పెద్ద చుట్లు చుట్టి పక్కకు ఒరుగుతుంది.

ఇక అసలు పొరపాటు. ఐదేళ్ల పిల్ల మొదటిసారే విసిరి తిప్పేసింది అన్నావు. ఆ వేళ్లకు మూడు మూరల తాడు బిర్రుగా చుట్టే సత్తువ ఉండదు. వయసును ఎనిమిదికో తొమ్మిదికో పెంచు, అప్పుడు కూడా కొన్నాళ్లు పడుతుంది. ఐదే ఉండాలంటే విసిరే పని నాన్నకే వదిలెయ్యి. తిరుగుతున్న బొంగరాన్ని ఆయన రెండు వేళ్ల సందున ఎత్తి పాప అరచేతిలో పెట్టనీ. ములికి మొద్దు చేసుంటేనే సుమా, లేకపోతే గుచ్చుకుంటుంది. చక్కిలిగిలికి పాప చెయ్యి లాక్కుంటుందో, ఓర్చుకుంటుందో నువ్వే తేల్చుకో.

జాతర పేజీలు తీసేసి, మరమ్మతు పెంచి, ఉగాదిలోపు మళ్లీ పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి