గ్రాండ్ ఐలండ్ కొయ్య దీపస్తంభం

ప్రశ్న: మిషిగన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, మ్యూనిసింగ్ ఊరి నుంచి పడవ షికారులో ఒక ద్వీపం ఒడ్డున రంగు వెలిసిన చెక్క కట్టడాన్ని చూపించి, అది పాత లైట్‌హౌస్ అన్నారు. సరస్సుకు లైట్‌హౌస్ ఎందుకు? దాన్ని ఎప్పుడు, ఎందుకు ఆర్పేశారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సరస్సు అనగానే మనకు చెరువుకు అక్కగారు గుర్తుకు వస్తుంది గాని, సుపీరియర్ సరస్సు విస్తీర్ణం దాదాపు 82,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో ఇంచుమించు ముప్పాతిక వంతు. 1855లో ఈ సరస్సు హ్యూరన్ సరస్సు వైపు దిగే చోట, సూ (సూ సెయింట్ మేరీ) ఊరి వద్ద ఓడలను ఎత్తి దించే లాకులు తెరుచుకున్నాక దిగువ సరస్సుల ఓడలు నేరుగా ఇందులోకి రాసాగాయి. తుఫానులో వాటికి ఆశ్రయమిచ్చేది మ్యూనిసింగ్ రేవు. దానికి అడ్డుగోడలా నిలిచినదే గ్రాండ్ ఐలండ్. ద్వీపానికి తూర్పున ఉన్న పాయ గుండా రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపడానికి మీరు చూసిన దీపాన్ని 1868లో వెలిగించారు. అదే ద్వీపం ఉత్తరపు కొసన, ఎత్తయిన గుట్ట మీద ఉన్న మరో దీపానికి 1867లో ఇటుకల కట్టడం దక్కగా, దీనికి మాత్రం కలపే మిగిలింది. చదరపు బురుజు, దానికి ఆనుకుని కాపలాదారు కుటుంబం ఉండే ఇల్లు, అంతే.

దీన్ని ఆర్పింది కొయ్య చెడిపోయి కాదు. ఒంటరి దీపం ఒడ్డు ఎక్కడుందో చెబుతుంది గాని, ఓడ ఇరుకు దారి నడుమన ఉందో, పక్కకు జరిగిందో చెప్పలేదు. 1908లో మ్యూనిసింగ్ ఒడ్డున రెండు దీపాలు పెట్టారు: ఒకటి నీటి దగ్గర, రెండవది దాని వెనుక మెట్టమీద. రెండూ ఒకదానిపై ఒకటి నిలువుగా కనిపిస్తే ఓడ సరైన దారిలో ఉన్నట్టు. పై దీపం కుడికి జరిగినట్టు కనిపిస్తే ఓడ కుడికి తప్పినట్టు, చుక్కానిని ఎడమకు సరిచేసుకోవాలి. ఇంత తేలికైన లెక్క అందుబాటులోకి వచ్చాక పాత దీపానికి పని లేకపోయింది.

ఆ తరువాత దానికి అసలు ముప్పు అలల కోత నుంచి వచ్చింది. ఒడ్డు కరిగి పునాది దాకా నీరు రావడంతో, 2000 ప్రాంతంలో స్థానికులు పూనుకుని ముందు అడ్డుగోడ కట్టించారు. కట్టడాన్ని నిలబెట్టారు గాని రంగు వేయలేదు. నా మటుకు అదే మంచిదనిపిస్తుంది. ఆ చోటు ప్రైవేటు స్థలం కనుక, మీరు చూసినట్టుగానే ఎవరైనా నీటి మీద నుంచి చూడవలసిందే.