కంపెనీ దివాలా తీసింది, మా క్లెయిమ్ సంగతేంటి?

ప్రశ్న: మేం ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గర ఉంటాం. 2022లో ఇయాన్ తుఫానుకి ఇంటి పైకప్పు దెబ్బతింది. ఇన్సూరెన్స్ వాళ్లు నెలల తరబడి నాన్చడంతో దావా వేశాం. ఈలోగా ఆ కంపెనీయే దివాలా తీసింది. కోర్టు ఆర్డరు వల్ల మా దావా ఆగిపోయిందని లాయరు అంటున్నారు. డబ్బు ఎగ్గొట్టినవాళ్లకి కోర్టే కాపలా కాస్తే మా గతేంటి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ నాకు తెలుసమ్మా. క్లెయిములు చూసే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. కానీ ఆ కాపలా యజమానుల కోసం కాదు, మీ కోసమే.

అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫెడరల్ దివాలా చట్టం వర్తించదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చూసుకోవాలి. ఫ్లోరిడాలో అయితే టలహాసీలోని లియాన్ కౌంటీ సర్క్యూట్ కోర్టు, రాష్ట్ర ఆర్థిక సేవల శాఖను రిసీవరుగా, అంటే కంపెనీ ఆస్తులూ లెక్కలూ చేతిలోకి తీసుకుని చూసుకునేదిగా పెడుతుంది. 2023 ఫిబ్రవరిలో యునైటెడ్ ప్రాపర్టీ అండ్ క్యాజువాల్టీ అనే ఇన్సూరెన్స్ కంపెనీ మూతపడినప్పుడు జరిగిందీ ఇదే.

మీరు పంపిన ఆర్డరు కాపీని ఓసారి ఓపిగ్గా చదవండి. దావాలు ఆపమన్నది అందులో ఒక పేరా మాత్రమే. డైరెక్టర్లు, ఉద్యోగులు కంపెనీ ఆస్తి ముట్టుకోకూడదు, రికార్డులు మాయం చేయకూడదు. బ్యాంకులు ఖాతాలను రిసీవరు చేతిలో పెట్టాలి. ఏజెంట్లు వసూలు చేసి తమ దగ్గరే ఉంచుకున్న ప్రీమియానికి లెక్క చెప్పాలి. రద్దయిన పాలసీల మీద మిగిలిన కాలానికి పుచ్చుకున్న కమిషన్ కూడా కక్కాలి. ఈ చివరి మాట నాకు చాలా ఇష్టం.

చిట్టీల వ్యాపారి బోర్డు తిప్పేస్తే ముందు వెళ్లినవాళ్లు ఫ్రిజ్జూ టీవీ పట్టుకుపోతారు, ఊళ్లో లేనివాళ్లకు గోడలు మిగులుతాయి. అలా జరగకూడదనే మీతో పాటు అందరి దావాలూ ఆపారు. ఉన్న డబ్బులోంచి ముందు రిసీవరు ఖర్చులు పోతాయి, తర్వాత మీలాంటి పాలసీదారుల నష్టాలు తీరుస్తారు. మామూలు అప్పులవాళ్లు మీ వెనకే. వాటాదారులది ఆఖరి వరస.

అయితే మీ పైకప్పుకి డబ్బు రావాల్సింది ముందుగా ఆ మూటలోంచి కాదు. కంపెనీని లిక్విడేషన్‌కి, అంటే మూసేసి ఆస్తులమ్మి బాకీలు తీర్చడానికి పెట్టాక, అది రాష్ట్రంలో లైసెన్సు ఉన్న కంపెనీ అయితే, దివాలా తీసిన కంపెనీల క్లెయిములు తీర్చే ఫ్లోరిడా ఇన్సూరెన్స్ గ్యారంటీ అసోసియేషన్ మీ క్లెయిము తీసుకుంటుంది. మామూలు పరిమితి 3 లక్షల డాలర్లు. ఇంటి కట్టడానికీ సామానుకీ ఇంకో 2 లక్షల దాకా ఇస్తారు. మీ పాలసీలో డిడక్టిబుల్ (నష్టంలో మీరే భరించాల్సిన వాటా) కాక మరో 100 డాలర్లు కోస్తారు. మీ దావా కొట్టేయలేదు, ఆగింది అంతే. అసోసియేషన్ ఫైళ్లు చూసుకోవడానికి చట్టం మామూలుగా 6 నెలలు గడువిస్తుంది, కోర్టు పొడిగించవచ్చు కూడా.

ఫొటోలు, పాలసీ కాపీ, కాంట్రాక్టరు ఎస్టిమేటు, పాత కంపెనీతో నడిచిన ఈమెయిళ్లు అన్నీ ఒకచోట పెట్టండి. కొత్త పాలసీ తీసుకున్నారా? లిక్విడేషన్ ఆర్డరు వచ్చిన 30 రోజులకి పాతవి సాధారణంగా రద్దయిపోతాయి. మీరు తీసుకోకపోతే లోనిచ్చిన బ్యాంకే ఖరీదైన పాలసీ ఒకటి మీ నెత్తిన వేస్తుంది. ఎవరూ ఇవ్వకపోతే రాష్ట్రానిదైన సిటిజెన్స్ అనే ఇన్సూరెన్స్ సంస్థ ఉంది. ఇక మీ నష్టం అసోసియేషన్ పరిమితి దాటితే, మిగతా మొత్తానికి రిసీవరు దగ్గర గడువులోగా క్లెయిము ఫారం దాఖలు చేయాలి. ఆ తేదీ ఎప్పుడో ఈ వారమే మీ లాయర్ని అడగండి.