వడగండ్ల కాలం రాకముందే

అల్లుడూ,

నార్పల దగ్గర చీనీ (బత్తాయి) తోట గుత్తకు పట్టావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నీళ్లు, ఎరువుల సంగతి నలుగురినీ అడుగుతావు. వడగండ్ల గురించి ఎవరినీ అడగవు, అందుకే రాస్తున్నా.

మన అనంతపురంలో మార్చి నుంచి మే దాకా, ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే ఈ భయం. నేల కాలి, వేడి గాలి తేమను మోసుకుని పైకి లేస్తుంది. సుమారు ఐదు కిలోమీటర్ల పైన గడ్డకట్టే చలి. అక్కడ కూడా చాలా బొట్లు సున్నా డిగ్రీల కంటే చల్లబడినా నీళ్లుగానే ఉంటాయి. మంచు పలుకు తగిలిందంటే దానికే అంటుకుని గడ్డకడతాయి. కింది గాలి మోసినంతసేపు రాయి పెరుగుతుంది, మోయలేనప్పుడు పడుతుంది. నిమ్మకాయంత రాయిని నిలపాలంటే ఆ గాలి గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగంతో పైకి తన్నాలి. ఒకసారి ఓ రాయిని కొడవలితో చీల్చి చూశా. లోపల ఎర్రగడ్డలాగే పొరలు, ఒకటి పాలలా, ఒకటి గాజులా. గబుక్కున గడ్డకట్టి గాలి బుడగలు చిక్కుకున్న పొర తెల్లగా ఉంటుంది, నిదానంగా గట్టిపడింది గాజులా ఉంటుంది.

నల్లటి మబ్బు కమ్మి, ఉడుకు గాలి ఆగి, ఒక్కసారిగా దుమ్ముతో చల్లగాలి కొట్టిందా, చేతిలో పని అక్కడే వదిలెయ్. నేను వదల్లేదు. కోసిన కాయల మీద పట్ట కప్పుదామని పరిగెత్తా. చెవి పైన దెబ్బ తగిలి, రక్తం కళ్లలోకి కారి దారి కనపడలేదు. మీ అత్త వచ్చి చేయి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. ఆ కాయలు ఎన్ని టన్నులో ఇప్పుడు గుర్తు కూడా లేదు. 1888లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో వడగండ్లకు 246 మంది పోయారు, తేలిగ్గా తీసుకోకు.

కూలీలను ముందు పక్కా ఇంట్లోకి పంపు. చెట్టు కిందికి మాత్రం వద్దు, పిడుగు పడుతుంది. రేకుల షెడ్డునూ నమ్మకు, ఈదురుగాలికి రేకే ఎగిరి మీద పడుతుంది. బయట చిక్కుకుంటే గంపో, మడత పెట్టిన గోనెసంచో నెత్తిన పెట్టుకోండి. బండి మీదుంటే హెల్మెట్ తీయకు. ఉరుములుండగా మోటారు స్టార్టర్ ముట్టుకోవద్దు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రా.

తెల్లారి తోట చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అయినా తొందరపడి కొమ్మలన్నీ నరక్కు, విరిగినవే కోసెయ్. దెబ్బల్లోంచి తెగులు దిగకుండా లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టించు. బీమా ఉంటే ఫోటోలు తీసి 72 గంటల్లోపు తెలియజెయ్. నువ్వు కౌలు రైతువని చూపే కౌలు కార్డు మాత్రం ఇప్పుడే తీసుకో, అప్పుడు తిరిగితే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

వాన పడిన రోజు ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్. మందు కొట్టే పంపు మా ఇంట్లోనే ఉంది, పొద్దున్నే నేనే తెస్తా.

మీ మామ