అన్నిటికీ కంగారే... నాకేమైనా జబ్బా?

ప్రశ్న: నా వయసు 36. ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. ఏడాదిగా ప్రతి చిన్న విషయానికీ కంగారు పడుతున్నాను. మా వారు ఇంటికి రావడం పావుగంట ఆలస్యమైతే చాలు, ప్రమాదమేదో జరిగిందనిపిస్తుంది. ఆయన ఫోన్ ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను. పాపకు కాస్త ఒళ్లు వెచ్చబడితే రాత్రి నాలుగైదుసార్లు లేచి చూస్తాను. పంపేసిన మెయిల్‌ను తప్పుందేమోనని మళ్లీ మళ్లీ తెరిచి చదువుతాను. గుండె దడ, మెడ పట్టేయడం, నిద్ర పట్టకపోవడం ఉన్నాయి. ఈసీజీ, రక్త పరీక్షలు రెండుసార్లు చేయించాను. అంతా నార్మల్ అన్నారు. ఇంట్లోవాళ్లు 'ఊరికే ఆలోచించకు' అంటారు. మా అమ్మదీ ఇదే తీరు. ఇది జబ్బా, స్వభావమా? మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? మా పాపకూ వస్తుందా? - ఒక పాఠకురాలు

సలహా: మీ ఉత్తరంలో 'పరీక్షలు రెండుసార్లు చేయించాను' అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మొదటిసారి అంతా నార్మల్ అని చెప్పినప్పుడు మీ మనసు తేలికపడే ఉంటుంది. ఆ నిశ్చింత ఎన్నాళ్లు నిలిచింది? కొద్దిరోజులకే 'అప్పుడు సరిగ్గా చూశారో లేదో', 'అప్పటికి లేకపోయినా ఇప్పుడు వచ్చిందేమో' అన్న అనుమానం తొలిచి ఉంటుంది. ఫోన్ విషయంలో, మెయిల్ విషయంలో, పాప జ్వరం విషయంలో జరుగుతున్నదీ ఇదే. మీ కంగారు ఎందుకు తగ్గడం లేదో, ఎలా తగ్గుతుందో రెండూ అక్కడే ఉన్నాయి. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు జబ్బా, స్వభావమా అన్నది చూద్దాం. కంగారు పడని మనిషి ఉండరు. పరీక్ష ముందో, ఆపరేషన్ ముందో, కొత్త ఉద్యోగంలో చేరిన రోజో టెన్షన్ పడటం జబ్బు కాదు. ఆ పని అయిపోతే అదీ పోతుంది. అలా పోకుండా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పాకుతూ ఆరు నెలలకు పైగా దాదాపు రోజూ ఉంటే, ఆపుకుందామన్నా ఆగకపోతే ఆలోచించాలి. దానికి తోడు నిద్ర సరిగా పట్టకపోవడం, కండరాలు బిగుసుకోవడం, తొందరగా అలసిపోవడం, చిరాకు, కుదురు లేకపోవడం, పనిమీద ధ్యాస నిలవకపోవడం - వీటిలో కనీసం మూడు ఉండి, రోజువారీ జీవితం దెబ్బతింటుంటే దాన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటాం. మీరు రాసిన లక్షణాలు దీనికి చాలా దగ్గరగా ఉన్నాయి. అయితే ఉత్తరం చూసి జబ్బు నిర్ధారించకూడదు, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాలి. మానసిక వైద్యులు దీనికి జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నావళి వాడతారు. 2006లో వచ్చింది. గత రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, మొత్తం 21 మార్కులు. 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే డాక్టర్‌తో వివరంగా మాట్లాడాలని అర్థం.

స్వభావం మాటకొస్తే, చాలామంది ఏళ్ల తరబడి వైద్యం తీసుకోకపోవడానికి ఆ మాటే కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 30 కోట్ల 10 లక్షల మంది ఏదో ఒక రకం ఆందోళన జబ్బుతో ఉన్నారు. వైద్యం అవసరమైనవాళ్లలో అది అందుతున్నది సుమారు నలుగురిలో ఒకరికే. మిగతా ముగ్గురిలో 'నా తత్వమే ఇంత' అనుకుని ఉండిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. మీ అమ్మగారు కూడా బహుశా అలాగే నెట్టుకొచ్చి ఉంటారు. ఆమెను ఎవరూ అడిగి ఉండరు, ఆమె ఎవరికీ చెప్పుకుని ఉండరు. మీరు రాశారు, అది మంచి పని.

అసలు మనసు ఇలా ఎందుకు చేస్తుంది? కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. రాబోయే ఆపదను ముందే ఊహించగలగడం మనిషికి ఉన్న గొప్ప శక్తి. దానివల్లే మనం తలుపు గడియ వేస్తాం, పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాం. ఆందోళన జబ్బులో ఆ శక్తి పోదు, మరీ ఎక్కువగా పనిచేస్తుంది. మనసు కీడెంచడం దగ్గరే తిరుగుతూ మేలెంచడం దాకా వెళ్లదు. మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థలో ముఖ్యమైన భాగం. ఎదురుగా పాము ఉన్నా, 'ఆయనకేమైందో' అన్న ఊహ ఉన్నా ఆ వ్యవస్థ దాదాపు ఒకేలా స్పందిస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, పారిపోవడానికో పోరాడటానికో కండరాలు బిగుసుకుంటాయి. అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే శరీరం చేసే ఈ ఏర్పాటును వివరించారు. మీ గుండె దడ నిజం, మెడనొప్పి నిజం. ఈసీజీ నార్మల్‌గా వచ్చిందంటే మీరు ఊహించుకుంటున్నారని కాదు. మీ గుండె బాగానే ఉంది, పరుగెత్తమని పైనుంచి ఆజ్ఞ వస్తే పరుగెత్తుతోంది.

ఇక అసలు విషయం. మీ వారు ఆలస్యమయ్యారు. ఏం జరిగిందో తెలియదు. ఆ తెలియకపోవడం మీకు భరించరానిదిగా ఉంటుంది. ఫోన్ చేస్తారు, ఆయన ఎత్తుతారు, హమ్మయ్య అనుకుంటారు. ఆ 'హమ్మయ్య' చాలా హాయిగా ఉంటుంది. కానీ అదే క్షణంలో మీ మెదడు ఒక తప్పు పాఠం నేర్చుకుంటోంది: 'నిజంగానే ప్రమాదం ఉండింది, ఫోన్ చేయడం వల్ల గట్టెక్కాం.' ఫోన్ చేయకపోయినా ఆయన క్షేమంగా వచ్చేవారన్న సంగతి తెలుసుకునే అవకాశమే దానికి దొరకలేదు. అందుకే మర్నాడు పావుగంట కాకముందే, పది నిమిషాలకే కంగారు మొదలవుతుంది. మెయిల్ మళ్లీ తెరవడం, పరీక్షలు మళ్లీ చేయించడం, లక్షణాలను ఇంటర్నెట్‌లో వెతకడం, 'ఏం కాదు కదా?' అని ఇంట్లోవాళ్లను పదేపదే అడగడం, అన్నీ ఇలాంటివే. దురద పుట్టినచోట గోకితే ఆ క్షణానికి సుఖంగానే ఉంటుంది. కానీ పుండు మానదు.

దీని వెనక ఇంకో నమ్మకం కూడా ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎంతో మొహమాటంగా చెప్పే మాట ఇది: 'నేను ఆలోచించడం మానేస్తే ఏదైనా జరుగుతుందేమో డాక్టర్.' పిల్లల గురించి దిగులు పడకపోతే వాళ్లమీద ప్రేమ లేనట్టేనని కొందరికి అనిపిస్తుంది. మీలోనూ ఆ భావన ఉందేమో చూసుకోండి. మీ పాపను కాపాడుతున్నది మీరు వేళకు చేస్తున్న పనులు. తెల్లవార్లూ మేలుకుని పడే దిగులు ఆమెకు ఏ మేలూ చేయదు, మర్నాడు మిమ్మల్ని మాత్రం అలసటతో చిరాకు పడేలా చేస్తుంది.

'ఊరికే ఆలోచించకు' అని మీవాళ్లు అంటున్నది ప్రేమతోనే. కానీ ఆ సలహా పనిచేయదు. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పారు. వాళ్లకు అదే పదేపదే గుర్తొచ్చింది. ఆ నిషేధం ఎత్తేశాక ఇంకా ఎక్కువగా గుర్తొచ్చింది. ఆలోచనను తోసేయాలని చూస్తే అది రెట్టింపై వస్తుంది. దానికి వేరే దారి ఉంది.

ఆ దారి వాయిదా వేయడం. మీ వారు ఆలస్యమైనప్పుడు ఫోన్ అసలు చేయవద్దని నేను అనను. చేయాలనిపించిన క్షణం నుంచి పదిహేను నిమిషాలు ఆగండి. ఆ పదిహేను నిమిషాలు హాయిగా గడవవు, ముందే చెబుతున్నాను. దడ పెరుగుతుంది, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. పోనివ్వండి, కానీ నొక్కకండి. కంగారు కెరటం లాంటిది. పైకి లేచి, కాసేపు నిలిచి, దానంతటదే దిగుతుంది. ఇప్పటిదాకా మీరు ప్రతిసారీ అది లేస్తుండగానే ఫోన్ చేసి ఆపేశారు గనక అది దిగడం మీరు చూడలేదు. ఒకసారి చూడండి. పది పదిహేను రోజుల తర్వాత ఆ వ్యవధిని అరగంటకు పెంచండి. మెయిల్ అయితే పంపేముందు ఒక్కసారి శ్రద్ధగా చదవండి, పంపాక తెరవకండి. పాప జ్వరం సంగతి వేరు. అక్కడ చూడాల్సిందే. జ్వరం ఎంతుందో కొలిచి, మళ్లీ ఎన్ని గంటలకు చూడాలో అప్పుడే నిర్ణయించుకుని అలారం పెట్టుకుని పడుకోండి. ఊపిరి తీసుకోవడం కష్టమైనా, మందకొడిగా ఉన్నా, నీళ్లు కూడా తాగకపోయినా మాత్రం అలారం కోసం ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

రోజంతా వచ్చే మిగతా ఆలోచనల కోసం 'చింతలవేళ' అని ఒకటి పెట్టుకోండి. థామస్ బోర్కోవెక్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం 1983లో ఈ పద్ధతిని పరీక్షించింది. సాయంత్రం ఒకే సమయంలో, ఒకే కుర్చీలో అరగంట కూర్చోవాలి. పడకగదిలో వద్దు, నిద్రవేళకు దగ్గరగానూ వద్దు. పగలు ఏ దిగులొచ్చినా రెండు ముక్కలు రాసిపెట్టి 'సాయంత్రం చూద్దాం' అని పనిలో పడండి. సాయంత్రం ఆ కాగితం తీసి, నా చేతిలో ఉన్నదా లేదా అని చూడండి. చేతిలో ఉన్నదైతే చేయాల్సిన మొదటి పని రాయండి. లేనిదైతే తేదీ వేసి వదిలేయండి. చాలా దిగుళ్లు సాయంత్రానికి వాడిపోయి కనిపిస్తాయి. ఆ కాగితాలు పారేయవద్దు. నెల తర్వాత వాటిలో ఎన్ని నిజమయ్యాయో లెక్కపెట్టండి. మీ తరహా ఆందోళన ఉన్న 29 మంది మీద ఇలాగే చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 91 భయాలు నిజం కాలేదు. చిన్న అధ్యయనమే, అయినా నాకు దాని పద్ధతి నచ్చింది. లెక్కల ఉద్యోగం చేసే మీకు నా మాటకన్నా మీ లెక్కే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

శరీరాన్ని శాంతపరచడానికి నెమ్మదిగా శ్వాస తీయడం బాగా పనికొస్తుంది. నాలుగు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాల పాటు. దడ వచ్చినప్పుడే కాకుండా, బాగున్నప్పుడు రోజూ చేస్తేనే అలవాటవుతుంది. చెమట పట్టేలా నడక కూడా అంతే ముఖ్యం. నడిచినప్పుడు గుండె వేగంగా కొట్టుకున్నా ఏమీ కాదని శరీరానికి స్వయంగా తెలుస్తుంది. కాఫీ మధ్యాహ్నం తర్వాత మానేయండి. అందులోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పైగా అది తెచ్చే దడకూ, కంగారు వల్ల వచ్చే దడకూ తేడా తెలియదు.

పరీక్షల గురించి ఒక్క మాట. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా, ఉబ్బసానికి వాడే కొన్ని ఇన్‌హేలర్ల వల్ల, ముక్కుదిబ్బడ మాత్రల వల్ల కూడా దడ, వణుకు, కంగారు రావచ్చు. మీ పాత రిపోర్టుల్లో థైరాయిడ్, హిమోగ్లోబిన్ ఉన్నాయో లేదో చూడండి. ఉంటే చాలు. లేకపోతే ఒక్కసారి చేయించి ఆ ఫైలు మూసేయండి. శ్రమ చేసినప్పుడు ఛాతీ నొప్పి రావడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం వంటివి ఉంటే మాత్రం 'ఇదీ టెన్షనే' అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏడాదిగా నిద్ర లేకుండా ఉన్నారు కాబట్టి, ఇవన్నీ ఒంటరిగా చేయమని నేను చెప్పను. మానసిక వైద్యుణ్ని కలవండి. మీలాంటివాళ్లకు బాగా పనిచేసే మొదటి వైద్యం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. పైన చెప్పిన వాయిదా, లెక్క వంటివాటినే నిపుణుల పర్యవేక్షణలో పద్ధతిగా చేయిస్తారు. సాధారణంగా వారానికొకటి చొప్పున పన్నెండు, పదిహేను సిట్టింగులు పడతాయి. అవసరమైతే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు ఇస్తారు. ఇవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కాస్త కంగారు పెరిగినట్టు, కడుపులో తిప్పినట్టు ఉండొచ్చు. అది చూసి చాలామంది మూడో రోజే ఆపేస్తారు, నాకు చాలా బాధనిపించే విషయం అది. జీవితాంతం వాడాల్సిన అవసరం ఎక్కువమందికి ఉండదు. బాగయ్యాక కూడా సుమారు ఏడాది కొనసాగించి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించి ఆపవచ్చు. ఆల్‌ప్రజోలామ్ వంటి మాత్రలు వేరు. అవి గంటలోపే హాయినిస్తాయి, వారాల తరబడి వాడితే అలవాటుగా మారతాయి. ఎవరో ఇచ్చారని తెచ్చుకుని వేసుకోవద్దు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆరోజే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

పాప గురించి అడిగారు. ఆందోళన తత్వంలో వంశపారంపర్యం పాత్ర కవలల మీద చేసిన అధ్యయనాల ప్రకారం సుమారు మూడో వంతు. మిగతాది పెరిగే వాతావరణం, ఎదురయ్యే అనుభవాలు. పిల్లలు కంగారు పడటాన్ని పెద్దవాళ్లను చూసి నేర్చుకుంటారు, దాన్ని తట్టుకోవడాన్నీ అలాగే నేర్చుకుంటారు. అందుకని ఈసారి నాన్న రావడం ఆలస్యమై మీరు ఫోన్ పక్కన పెట్టినప్పుడు, పాప పక్కనే ఉంటే పైకే చెప్పండి: 'నాన్న ఇంకా రాలేదు, అమ్మకు కాస్త కంగారుగా ఉంది. పదిహేను నిమిషాలు చూద్దాం. ఈలోగా నువ్వూ నేనూ బొమ్మ వేద్దాం.'